టీవీలో నర్సమ్మ

పెనుమూడిలో రిబ్కాని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఎనిమిదేళ్ళుగా ఆ ఊరికి ఆమే నర్సు. నీలం అంచు తెల్లచీర, భుజాన మందుల సంచి, చేతిలో ఐసు పెట్టిన టీకాల డబ్బా. ఆమె వీధి మొదట్లో కనబడితే చాలు, "నర్సమ్మొచ్చింది" అని ఇంటింటికీ కబురు పోయేది. ప్రతి గుమ్మం ముందూ ఆగి ఆమె ఒకే మాట అడిగేది. "ఏమ్మా, ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

ఉద్యోగంలో చేరకముందు ఆమె నాటకాలు వేసేదన్న సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. పుట్టిల్లు తెనాలి. అక్కడ ప్రకాశరావుగారని ఒక నాటకాల మేష్టారు ఉండేవారు. ఆయన దగ్గర నాలుగేళ్ళు నేర్చుకుని, పరిషత్తు పోటీల్లో రెండుసార్లు ఉత్తమ నటి బహుమతి కూడా తెచ్చుకుంది. తరవాత నర్సు ట్రైనింగు, ఉద్యోగం, రేపల్లెలో టైలరుగా పనిచేసే ఎజ్రాతో పెళ్ళి, అక్కడే కాపురం. నాటకాలు ఆగిపోయాయి. ఆగిపోయినందుకు ఆమె ఎవరి దగ్గరా బాధపడలేదు. కానీ వంటచేసుకుంటూ ఎప్పుడైనా పాత డైలాగులు చెప్పుకుంటుంటే ఎజ్రా కుట్టుమిషను ఆపి వినేవాడు.

తొంభై ఆరు సెప్టెంబరులో ప్రకాశరావుగారు రేపల్లె బస్టాండులో దిగి, నేరుగా ఎజ్రా కొట్టుకు వచ్చారు. రిబ్కా డ్యూటీ నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు.

"అమ్మాయ్, నిన్ను టీవీలో చూపిస్తాను. వస్తావా?" అన్నారు ఆమె లోపలికి అడుగుపెట్టగానే.

ఆ రోజుల్లో 'పొద్దుగూకాక' అని ఒక సీరియల్ ఉండేది. వారానికో దెయ్యం కథ. ఈ వారం కథకీ వచ్చే వారం కథకీ సంబంధం ఉండదు. అంతకుముందు ఏడాది పదమూడు వారాలు నడిచి ఆగింది. ఆ పదమూడు శుక్రవారాలూ సాయంత్రం ఏడున్నరకి వీధుల్లో మనిషి కనిపించేవాడు కాదు. ఇప్పుడు మళ్ళీ కొత్తగా మొదలుపెడుతున్నారు. మొదటి కథ బాపట్లలో ఒక పాత బంగళాలో తీస్తున్నారు. వేషానికి అనుకున్న ఆవిడ రానందట. ఎవరైనా ఉన్నారా అని ప్రకాశరావుగారిని అడిగారు.

"దెయ్యం వేషమా గురువుగారూ?"

"కాదమ్మా, నర్సు వేషం. నువ్వు రోజూ చేసేదే. రెండు రోజులు సెలవు పెట్టు చాలు."

రిబ్కా ఎజ్రా వైపు చూసింది. అతను నవ్వి, "వెళ్ళిరా" అన్నాడు.

బాపట్లలో వాళ్ళు తెచ్చిన బట్టలు చూసి రిబ్కాకి నవ్వొచ్చింది. మెరిసే గౌను, నెత్తిమీద టోపీ. "పల్లెటూళ్ళో తిరిగే నర్సు ఇలా ఉండదండీ" అని, తన సంచిలో ఉన్న డ్యూటీ చీరే కట్టుకుంది. డైరెక్టరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. టీకాల డబ్బా ఎలా పట్టుకుంటారో, పసిపిల్లల నోట్లో చుక్కలు ఎలా వేస్తారో చూపించమన్నాడు. గుమ్మం దగ్గర ఏమని పిలుస్తారని అడిగాడు. ఆమె చెప్పింది. ఆ మాటే కాగితం మీద రాసుకున్నాడు.

రెండు రోజులూ చిన్న చిన్న ముక్కలుగా తీశారు. నడవమన్నారు, నవ్వమన్నారు, ఉయ్యాలలోకి వంగి చూడమన్నారు. కథేంటని అడిగితే, "టీవీలో చూడండి మేడమ్, ఇప్పుడే చెబితే మీ మొహంలో తెలిసిపోతుంది" అన్నాడు డైరెక్టరు. చాలా ఏళ్ళకి మొహానికి రంగు వేసుకున్న సంతోషంలో ఆమె ఇంకా అడగలేదు.

*

నవంబరు చివరి శుక్రవారం మొదటి కథ వస్తుందని తెలిసింది. పెనుమూడిలో రంగుల టీవీ ఉన్న నాలుగిళ్ళలో హైమావతిది ఒకటి. పొలం, పాడి ఉన్న ఇల్లు. ఆవిడ మాటకు వీధిలో విలువ ఉంది. కొడుకు లారీ నడుపుతూ నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. కోడలు సూర్యకుమారికి ఎనిమిది నెలల పాప. ఆ పాపకి పుట్టినప్పటి నుంచీ టీకాలన్నీ రిబ్కాయే వేసింది.

"మన నర్సమ్మ టీవీలో కనబడుతుంటే రేపల్లె వెళ్ళి చూడటమేంటి? మా ఇంటికి రండి" అని హైమావతి భార్యాభర్తలిద్దర్నీ పిలిచింది. వసారాలో టీవీ పెట్టించింది. నలభై మంది దాకా చేరారు. రిబ్కాకి ముందు వరసలో కుర్చీ వేశారు. సూర్యకుమారి పాపని ఒళ్ళో పెట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుంది.

మొదట్లో అందరికీ హుషారుగా ఉంది. పొలం గట్టు మీద నడుస్తూ రిబ్కా కనబడగానే ఈలలు వేశారు. "అదుగో మన చీర!" అని ఎవరో అరిచారు. తెరమీది రిబ్కా ఒక ఇంటి ముందు ఆగి, "ఏమ్మా, ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. రిబ్కా కూడా నవ్వింది.

తెరమీద ఆమె ఒక పసివాడి నోట్లో రెండు చుక్కలు వేసి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున తల్లి ఉయ్యాల దగ్గరికి వచ్చి కెవ్వున కేక పెట్టింది.

వసారాలో నవ్వులు తగ్గాయి.

రెండో ఇల్లు. రెండు చుక్కలు. రెండో ఉయ్యాల. రిబ్కా కుర్చీ అంచుకి జరిగింది. బాపట్లలో తను వంగి నవ్వినప్పుడు ఆ ఉయ్యాలలో ప్లాస్టిక్ బొమ్మ ఉంది. ఇక్కడ ఆ బొమ్మ స్థానంలో బతికున్న బిడ్డ ఏడుస్తోంది. మూడో ఇల్లు కూడా అయ్యాక తెరమీది ఊరివాళ్ళు ఆ నర్సు కోసం ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి ముసలి గుమాస్తా గోడమీది ఫోటో చూపించాడు. ఆ నర్సు చచ్చిపోయి ముప్ఫై ఏళ్ళయిందట. సొంతబిడ్డ పోయాక పిచ్చెక్కి ఏట్లో దూకిందట. చివర్లో రిబ్కా మొహం తెరనిండా వచ్చింది. ఆమె కళ్ళు సరాసరి చూసేవాళ్ళ కళ్ళలోకే చూశాయి. "ఏమ్మా," అంది నెమ్మదిగా, "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

అయిపోయింది. వెనకాల ఒక పిల్ల ఏడుపు అందుకుంది. రిబ్కా కిందికి చూసింది. సూర్యకుమారి పాప మొహాన్ని భుజానికి అదుముకుని, చాప మీద నుంచి మెల్లగా వెనక్కి జరుగుతోంది.

"బాగా చేశావమ్మా" అంది హైమావతి. "అచ్చం నిజంలాగే ఉంది."

ఎప్పుడూ గేటు దాకా వచ్చి సాగనంపే మనిషి ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. సైకిలు మీద రేపల్లె వెళ్తూ ఎజ్రా చివరికి, "నీ చీరే ఎందుకు కట్టుకున్నావే?" అన్నాడు.

*

మర్నాడు రేపల్లెలో ఆమెకి పండగే. బస్సు కండక్టరు టిక్కెట్టు కొడుతూ ఆగి, "అమ్మో, మీరేనాండీ!" అన్నాడు. కాలేజీ అమ్మాయిలు సంతకం అడిగారు. మధ్యాహ్నం ఎజ్రా కొట్టు పక్కన ఉన్న ఫోను బూత్‌కి ప్రకాశరావుగారు ఫోను చేశారు.

"అమ్మాయ్, తెనాలంతా నీ మాటే! మా పక్కింటావిడ కిటికీలన్నిటికీ మేకులు కొట్టించిందట. సీరియల్ వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు. ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదని చెబుతున్నారట జనం."

"గురువుగారూ, కథేంటో మీకు ముందే తెలుసా?"

"పూర్తిగా తెలీదమ్మా. అయినా అది కథే కదా?" అన్నారాయన.

పెనుమూడిలో సోమవారం నుంచి తలుపులు మూసుకోవడం మొదలైంది. మొదటి ఇంట్లో బిడ్డ నిద్రపోతోందన్నారు. రెండో ఇంట్లో అమ్మమ్మగారింటికి వెళ్ళిందన్నారు. లోపల్నుంచి ఆ బిడ్డ ఏడుపు వినబడుతూనే ఉంది. వీధిలో ఆడుకునే పిల్లలు ఆమెని చూసి గోడలెక్కారు. ఒకడు గోడమీద నుంచి గొంతు సన్నంగా చేసి, "ఏమ్మా, చిన్నపిల్లలున్నారా?" అని అరిస్తే మిగతావాళ్ళు కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు.

బుధవారం టీకాల రోజు. పద్నాలుగు మంది పిల్లలు రావాలి. ఒక్కరే వచ్చారు. ఊళ్ళో ఒకప్పుడు పురుళ్ళు పోసిన సుల్తాన్ బీ తన మనవరాలి కొడుకుని చంకనేసుకుని వచ్చింది. డెబ్భై దాటిన మనిషి.

"నువ్వు చూడలేదా పెద్దమ్మా, టీవీ?" అని అడిగింది రిబ్కా.

"చూశాను బిడ్డా. రెండు రోజులు నాకూ నిద్ర పట్టలేదు" అంది సుల్తాన్ బీ. "ఈ ఊళ్ళో సగం మంది బొడ్డు నేనే కోశాను. ఎవరింట్లో అయినా బిడ్డ పోతే అప్పుడు నన్నూ ఇట్టాగే చూసేవాళ్ళు. నాకు తెలీదా? కానియ్యి, సూది వెయ్యి."

అంతలో ఇంకో కబురు పుట్టింది. సీరియల్ రాకముందు వారం టీకా వేసిన ఒక పాపకి జ్వరం వచ్చింది. టీకా వేశాక ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం మామూలే. ఆ పాప కూడా రెండో రోజుకి లేచి ఆడుకుంది. కానీ జ్వరం వచ్చిందన్న మాట వీధులన్నీ తిరిగింది, తగ్గిందన్న మాట ఆ ఇంటి గుమ్మం దాటలేదు.

రాబోయే శనివారం పోలియో చుక్కలు వెయ్యాలి. దేశమంతా ఒకే రోజు. పెనుమూడిలో అయిదేళ్ళలోపు పిల్లలు నూట నలభై మంది. బుధవారం సాయంత్రం డాక్టరుగారు ఆమెని పిలిపించారు.

"రిబ్కా, శనివారం నువ్వు వేరే ఊరికి వెళ్ళు. పెనుమూడికి ఇంకో నర్సుని పంపిస్తాను."

"సార్, ఇప్పుడు నేను పక్కకి తప్పుకుంటే ఆ కథ నిజమని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందండి. ఆ తరవాత నన్ను ఏ ఇంట్లోకీ రానివ్వరు."

ఆయన పెన్ను మూత పెడుతూ తీస్తూ ఆలోచించారు. "మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తాను. అప్పటికి జనం రాకపోతే జీపులో వేరే ఆవిడ వస్తుంది. నువ్వు ఏమీ అనకూడదు."

"సరేనండి" అంది రిబ్కా.

*

గురువారం పొద్దున ఆమె బస్సు దిగేసరికి సుల్తాన్ బీ రోడ్డు మీదే నిలబడి ఉంది.

"హైమావతి మనవరాలికి నిన్నటి నుంచి విరోచనాలు, వాంతులు. నీకు చెప్పొద్దన్నారు. నేను చూసొచ్చాను. కళ్ళు లోపలికి పోయినయ్."

రిబ్కా దాదాపు పరిగెత్తింది.

హైమావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎందుకొచ్చావు?" అనలేదు, "రా" అనలేదు. లోపల పాప ఏడుస్తోంది, బలం లేని ఏడుపు.

"హైమావతమ్మగారూ, పాపని ఒక్కసారి చూడనివ్వండి."

"తాయెత్తు కట్టించాం. తగ్గుతుంది."

"పాలు తాగుతోందా?"

"వద్దు నర్సమ్మా." ఆవిడ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు చేసింది ఆటేనని నాకు తెలుసు. నేను చదువులేనిదాన్నేం కాదు. కానీ నువ్వు ఆ ఉయ్యాలలోకి వంగి నవ్విన నవ్వు నా కళ్ళలోంచి పోవట్లేదు. ఆ చేత్తో నా మనవరాల్ని ముట్టుకోనివ్వలేను. నన్ను తిట్టుకో, నాకు చేతకావట్లేదు."

రిబ్కా సంచిలోంచి ఉప్పు-పంచదార పొడి పొట్లం తీసింది. హైమావతి చూపు ఆ సంచి మీద పడి, ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ సంచిలోది వద్దు."

ఒక్క క్షణం రిబ్కాకి కోపం ముంచుకొచ్చింది. ఎనిమిదేళ్ళు ఎండలో, బురదలో ఈ గుమ్మాలు ఎక్కి దిగింది. సూర్యకుమారికి నొప్పులొచ్చిన రోజు ఒళ్ళంతా చెమటతో పక్కనే నిలబడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. అప్పుడే పక్కగది కిటికీలో సూర్యకుమారి కనబడింది. పాప ఆమె భుజం మీద తల వాల్చేసి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

రిబ్కా సంచి తీసి వీధి గుమ్మం అవతల పెట్టేసింది. కిటికీ కింద ముంగిట్లో, నేలమీద కూర్చుంది.

"సూర్యకుమారీ, నేను లోపలికి రాను, ఏదీ ముట్టుకోను. నేను చెప్పినట్టు నువ్వు చెయ్యి. మీ నీళ్ళు, మీ ఉప్పు, మీ పంచదారే. కాచి చల్లార్చిన నీళ్ళున్నాయా?"

"ఉన్నాయక్కా."

"లీటరు నీళ్ళు కొలిచి పొయ్యి. మంచినీళ్ళ సీసా ఉంటే దాంతో కొలువు. ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా మీద గోపురంలా కాకుండా చదునుగా. బాగా కలిపి నాలిక మీద వేసుకుని చూడు. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు."

సూర్యకుమారి అత్తగారి వైపు చూసింది. హైమావతి కాసేపు నిలబడి, తనే వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చింది.

"ఇప్పుడు చెంచాతో పట్టు. ఒక చెంచా, ఒక నిమిషం ఆగు. మళ్ళీ ఒకటి. తాగుతోందా?"

"ఆత్రంగా తాగుతోందక్కా."

"మంచిది. తాగుతోందంటే భయం లేదు. మధ్యలో పాలు కూడా ఇవ్వు."

నాలుగో చెంచాకి పాప మొత్తం కక్కేసింది. సూర్యకుమారి ఏడ్చేసింది. "చూశావా?" అంది హైమావతి లోపల్నుంచి, ఎవరితోనో తెలియకుండా. వీధిలో జనం పోగవడం మొదలైంది. నర్సమ్మ కిటికీ కింద కూర్చుని ఏదో మంత్రం చదువుతోందని ఎవరో అన్నారు. ఒకతను గట్టిగానే, "లేచి వెళ్ళమనండి ఆవిణ్ణి" అన్నాడు.

రిబ్కా వెనక్కి తిరగలేదు. గొంతు పెంచలేదు. నాటకంలో ఆఖరి వరస దాకా వినబడేలా, అరవకుండా మాట్లాడటం ప్రకాశరావుగారు ఆమెకి నేర్పారు. అదే గొంతుతో చెప్పింది. "కక్కినా పరవాలేదమ్మా. పది నిమిషాలు ఆగు. ఈసారి ఇంకా నెమ్మదిగా. అర చెంచానే. హైమావతమ్మగారూ, మీరొక పని చెయ్యండి. పాప పొట్టమీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదలండి. గబుక్కున సర్దుకుంటోందా, మెల్లగా సర్దుకుంటోందా?"

కాసేపటికి జవాబొచ్చింది. "మెల్లగా."

అంటే పాప ఒంట్లో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. రిబ్కా ఆ సంగతి మాటలో తెలియనివ్వలేదు. "సరే. పట్టడం ఆపొద్దు. పెద్దమ్మా," అని సుల్తాన్ బీ వైపు తిరిగింది, "రోడ్డు మీద ఆటో ఒకటి ఆపి ఉంచు. పాప మత్తుగా పడిపోయినా, తాగడం మానేసినా వెంటనే రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నేను ఆ ఆటో ఎక్కను. మీరే తీసుకెళ్ళండి."

తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా అలాగే గడిచింది. ఎండ కిటికీ దాకా వచ్చింది. చెంచా గిన్నెకి తగిలే చప్పుడు, రిబ్కా గొంతు, అంతే. మధ్యలో పాప ఇంకోసారి కక్కింది. మూడుసార్లు విరోచనం అయింది. "ఎన్నిసార్లయితే అన్నిసార్లు ఆ నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి" అంటూ రిబ్కా చెబుతూనే ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. దాహమేసింది. ఎవర్నీ నీళ్ళడగలేదు. ఈ ఇంట్లో ఈ రోజు ఈ పాపకి ఏమైనా అయితే ఊరు తనని బతకనివ్వదని ఆమెకి తెలుసు. లేచి వెళ్ళిపోతే ఆ పాప నిజంగానే పోవచ్చని కూడా తెలుసు.

పన్నెండున్నరకి లోపల సూర్యకుమారి అరిచింది. రిబ్కా కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది.

"అక్కా! పాస్ పోసింది! నా చీరంతా తడిపేసింది!"

రిబ్కా గోడకి ఆనుకుని మళ్ళీ కూర్చుండిపోయింది. "ఏడవకు, పిచ్చిదానా. నీళ్ళు ఒంటికి పట్టాయి, ఇంక పరవాలేదు" అంది. ఆమె మొహం మీద నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి.

కాసేపటికి హైమావతి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గ్లాసుతో మజ్జిగ ఉంది. ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. లోపలికి రమ్మని మాత్రం అప్పుడూ పిలవలేదు.

*

శుక్రవారం సాయంత్రం సీరియల్లో రెండో కథ వచ్చింది. బావిలో దెయ్యం. రిబ్కా చూడలేదు. మర్నాటికి కావలసిన చుక్కల మందు సీసాలు, ఐసు సర్దుకుంటూ ఉండిపోయింది.

శనివారం పొద్దున స్కూలు వరండాలో బల్ల వేశారు. ఎజ్రా పచ్చచీర కట్టుకెళ్ళమన్నాడు. చాలాసేపు ఆ చీర చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి రోజూ కట్టే తెల్లచీరే కట్టుకుంది. పక్కన సుల్తాన్ బీ స్టూలు మీద కూర్చుంది. పదింటికి ఏడుగురు పిల్లలు వచ్చారు, అందరూ సుల్తాన్ బీ వీధివాళ్ళే. పదకొండుకి ఇంకో ఇద్దరు. స్కూలు గోడవతల ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి చూస్తున్నారు. గేటు మాత్రం దాటడం లేదు. అప్పుడప్పుడు రిబ్కా రోడ్డు వైపు చూస్తోంది, జీపు వస్తుందేమోనని.

పదకొండున్నరకి గోడ దగ్గర గుంపు కదిలి దారి ఇచ్చింది. హైమావతి వస్తోంది. వెనకాల సూర్యకుమారి, ఆమె చంకలో పాప. పాప ఇంకా వాడిపోయే ఉంది, కానీ కళ్ళు తెరిచి అందర్నీ చూస్తోంది.

హైమావతి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "విరోచనాలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చండి. విరోచనాలు తగ్గాక ఇంకోసారి కూడా వేద్దాం."

"నువ్వే వెయ్యి."

రిబ్కా సీసా తీసింది. పాప బుగ్గలు నొక్కి నోరు తెరిచింది. వంగింది. అలవాటుగా నవ్వబోయి ఆగిపోయింది. హైమావతి కళ్ళు తన మొహం మీదే ఉన్నాయి.

"నవ్వమ్మా," అంది హైమావతి మెల్లగా. "నువ్వెప్పుడూ నవ్వేదానివే."

రెండు చుక్కలు పడ్డాయి. పాప చప్పరించి మొహం వికారంగా పెట్టింది.

హైమావతి ఇంటికి వెళ్ళలేదు. పాపని తను తీసుకుని, అందరికీ కనబడేలా వరండా మెట్టుమీద కూర్చుంది. గోడవతలవాళ్ళు ఆ పాపనే చూస్తున్నారు. ఏం చూస్తున్నారో రిబ్కాకి తెలుసు. పాప ఒకసారి దగ్గితే గోడ పొడుగునా కదలిక వచ్చింది. హైమావతి వీపు నిమిరింది. పాప ఆవిడ మెళ్ళో నల్లపూసలు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు. అప్పుడు ఒకావిడ కొడుకు చెయ్యి పట్టుకుని గేటు దాటింది. ఆమె వెనక మరొకావిడ.

పన్నెండుకి జీపు వచ్చేసరికి వరండాలో వరస ఉంది. కొత్త నర్సు దిగి, చూసి, రిబ్కా పక్కన కూర్చుని పేర్లు రాసింది. సాయంత్రానికి నూట నలభైలో తొంభై ఎనిమిది మంది అయ్యారు. మిగతావాళ్ళు ఆ రోజు రాలేదు. వాళ్ళ ఇళ్ళకి తరవాతి వారం ఆ కొత్త నర్సే వెళ్ళింది. రెండిళ్ళవాళ్ళు అప్పుడూ తలుపు తియ్యలేదు.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక రిబ్కా సీరియల్ వాళ్ళకి ఉత్తరం రాసింది. రెండు పేజీలు. తనెవరో, ఆ నర్సు వేషం తనదేనని, ఊళ్ళో ఏం జరిగిందో రాసింది. కథ కల్పితమని, చుక్కల మందు పిల్లల ప్రాణాలు కాపాడుతుందని ఒక్క మాట టీవీలో చెప్పమని కోరింది.

అప్పట్లో ప్రతి కథకీ ముందు ప్రేక్షకుల ఉత్తరాలు చదివేవాళ్ళు. రెండు వారాల తరవాత శుక్రవారం హైమావతి మళ్ళీ పిలిస్తే రిబ్కా వెళ్ళింది. టీవీలో పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఉత్తరాల కట్టలోంచి ఒకటి తీసింది.

"పెనుమూడి నుంచి రిబ్కాగారు రాశారు. మొదటి కథ చూసిన తరవాత వాళ్ళ ఊళ్ళో తల్లులు పిల్లల్ని ఒళ్ళోంచి దించలేదట. ధన్యవాదాలు రిబ్కాగారూ! మీ ఊరిని అంతగా భయపెట్టగలిగినందుకు మాకెంతో సంతోషంగా ఉంది."

ఆ అమ్మాయి ఆ ఉత్తరం పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

"అదేంటి, అంతేనా?" అంది హైమావతి. "నువ్వు రెండు పేజీలు రాశానన్నావుగా? మిగతాది ఏది?"

రిబ్కా తల అడ్డంగా ఊపింది.

"సూర్యకుమారీ, కాగితాలు పట్రా" అంది హైమావతి. టీవీ కట్టేసింది. వచ్చినవాళ్ళు కథ ఇంకా మొదలవలేదని గొణిగినా వినలేదు. ఆవిడ చెబుతుంటే కోడలు రాసింది. పాప జబ్బు, కిటికీ, చెంచాలు, అంతా. కింద ఎనిమిది మంది తల్లులు సంతకాలు చేశారు, నలుగురు వేలిముద్రలు వేశారు. ఆ ఉత్తరాన్ని రిజిస్టరు పోస్టులో పంపించారు. దాన్ని ఎవరూ ఎప్పుడూ టీవీలో చదవలేదు.

జనవరిలో ప్రకాశరావుగారు మళ్ళీ వచ్చారు. జనానికి ఆ నర్సు బాగా నచ్చిందట, చివరి కథలో మళ్ళీ చూపించాలని సీరియల్ వాళ్ళు అడుగుతున్నారట.

"వద్దు గురువుగారూ. కథేంటో చెప్పకుండా వేషం వేయించుకున్నారు. ఈసారి చెప్పినా నేను చెయ్యను."

ఆయన తల వంచుకున్నారు. "తప్పు నాది కూడానమ్మా. నేను అడగాల్సింది." లేవబోతూ ఆగి, "ఫిబ్రవరిలో తెనాలిలో నాటకం వేస్తున్నాను. ముసలి తల్లి వేషం. పుస్తకం మొత్తం తెచ్చాను. చదివి చెప్పు" అన్నారు.

రిబ్కా ఆ రాత్రి పుస్తకం మొత్తం రెండుసార్లు చదివింది. చేస్తానని కార్డు రాసింది.

నాటకం రోజున పెనుమూడి నుంచి పదిమంది రేపల్లె రైలెక్కి తెనాలి వచ్చారు. హైమావతి రెండో వరసలో కూర్చుంది. తెర లేచిన పావుగంటకి సూర్యకుమారి ఒళ్ళో పాప నిద్రకొచ్చి పెద్దగా ఏడుపు లంకించుకుంది. ఎంత ఊరడించినా ఊరుకోలేదు. సూర్యకుమారి పాపని ఎత్తుకుని బయటికి వెళ్ళి, మిగతా నాటకమంతా తలుపు సందులోంచి చూసింది.